మాట అప్పజెప్పే ఊరికి

కరీంనగర్‌లో నాకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఏ పార్టీ వాళ్లు వచ్చినా కాదనను. పుట్టినరోజు జరుపుకునే యువనాయకుడిని, పదవి వచ్చిన యువనాయకుడిని, రేపో మాపో వస్తుందని ఆశపడే యువనాయకుడిని ఏళ్ల తరబడి నిలువెత్తున అచ్చేసి చౌరస్తాలో నిలబెడుతున్నాను. అందుకే యువత, ప్రజాస్వామ్యం అని ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వొస్తుంది. మా అక్క కూతురు శ్రావణికి ఆ నవ్వు అస్సలు నచ్చదు.

"మామా, ఊరంత యువనాయకులను అచ్చేస్తవు. ఒక్కసారన్న నిజం పిల్లలను చూసినవా?" అని ఫోన్లో దులిపేసింది.

శ్రావణి ఉండేది ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూరు దాటాక ఒక పల్లెలో. బడి మానేసిన వాళ్లను, చదువు పదితో ఆగిపోయిన వాళ్లను ప్రతి ఆదివారం సాయంత్రం కూర్చోబెట్టి గ్రామసభలో ఎట్లా మాట్లాడాలో, పంచాయతీ తీర్మానం ఎట్లా చదవాలో నేర్పుతుంది. హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు. "సోమవారం మా ఊర్ల గ్రామసభ ఉంది. ఒక పిల్ల చదువు దాని మీదనే ఆధారపడ్డది. వచ్చి చూడు, తర్వాత నవ్వు" అంది. సరే, చూసే నవ్వుదామని బయల్దేరాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో లక్షెట్టిపేట బస్సు ఎక్కాను. సగం మంది వేములవాడలో మొక్కు తీర్చుకుని ఇళ్లకు పోతున్న వాళ్లే. కొత్తగా గుండు చేయించుకున్న పిల్లవాడొకడు కిటికీ ఊచకు తల ఆనించి, చల్లగా తగిలిందేమో, ఊరికే నవ్వుతున్నాడు. చొప్పదండి దాటేసరికి రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు గొణుక్కుంటూనే చక్రం వడ్ల మీదికి ఎక్కకుండా పక్కకు తప్పించి పోనిచ్చాడు.

నా పక్క సీటులో నస్పూర్ పెద్దాయన. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట. ఎక్కడికని అడిగితే గ్రామసభ చూడటానికన్నాను.

"సినిమకు పోయెటోళ్లను చూసిన, జాతరకు పోయెటోళ్లను చూసిన. గ్రామసభ చూడ పోయెటోన్ని నిన్నే చూస్తున్న" అని తొడ చరుచుకుని నవ్వాడు. రాయపట్నం వంతెన మీద గోదావరికి దండం పెట్టుకున్నాక మళ్లీ తనే అందుకున్నాడు. "మా బాయి మీద యూనియన్ మీటింగులల్ల అందరు మాట్లాడెటోళ్లే సారూ. ఇనెటోడే లేకుండె."

ఈ దారిన వెళ్లే వాళ్లకు ఒక మాట చెప్పాలి. లక్షెట్టిపేటలోనే కడుపు నింపుకోండి. అక్కడి బస్టాండు బయట వేడివేడి మిర్చిబజ్జీలు తిని, చాయ్ తాగి ఉట్నూరు బస్సు ఎక్కాను. జన్నారం దాటితే అడవి మొదలవుతుంది. రోడ్డుకు అటూ ఇటూ టేకు చెట్లు, గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. ఫోన్ సిగ్నల్ పోతుంది. ఫ్లెక్సీ అనేది కంటికి కనబడని రోడ్డు మీద ఇంత దూరం ప్రయాణం చేసి ఎన్నాళ్లయిందో! ఉట్నూరులో ఆదిలాబాద్ బస్సు మారాను. కండక్టరుకు ఊరి పేరు చెప్పి, ఊళ్లోకి పోతుందా అని అడిగాను.

"లోపటికి పోదు సార్. పోదామన్న బస్సు తిరుగ జాగ లేదు. మెయిన్ రోడ్డు మీద దిగి నడువుండ్రి" అన్నాడు.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక ఇంటి లోపలి సంగతి ఇందులో ఉంది, అందుకే.

రెండు గంటలకు దిగేసరికి శ్రావణి, ఆమెతో ఇంకో అమ్మాయి నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి రేణుక. పంజాబీ డ్రెస్ మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. పత్తి ఏరేటప్పుడు చేతులు గీరుకోకుండా ఇక్కడ అందరూ అట్లాగే తొడుక్కుంటారు. ఇటు పత్తి, అటు పత్తి, మధ్యలో రోడ్డు. ముప్పావుగంట నడక. ఆ నడకలోనే రేణుక తన సంగతి చెప్పింది.

పది పాసై ఉట్నూరులో ఇంటర్‌లో చేరింది. సాయంత్రం బస్సు దిగి ఈ రోడ్డున ఇల్లు చేరేసరికి చీకటి పడేది. వానల్లో ఒకరోజు తాగినోడెవడో వెంటబడితే పరుగెత్తుకొచ్చి ఇంట్లో పడింది. తెల్లారి వాళ్ల బాపు గంగన్న, కూతురికి కాలేజి బంద్ అన్నాడు. ఇప్పుడు చెల్లె శైలజ పది పాసైంది. అదీ ఇంట్లోనే ఉంది.

"నేను పత్తి ఏరుతున్న. నా చెల్లె గుడ ఏరుడేనా సార్?" అంది. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ అంటరు. బస్సే రానప్పుడు ఫ్రీ ఏంది?"

పిల్లలందరూ కలిసి డిపోకు దరఖాస్తు పెట్టారు. బస్సు తిరగడానికి జాగా చూపిస్తే ఆలోచిస్తామని వాళ్లన్నారు. ఊరి చివర రోడ్డు మలుపులో చూపించడానికి జాగా ఉంది గానీ, సగం దాకా ఒక ఎడ్ల కొట్టం ముందుకొచ్చి ఉంది. నాలుగు గుంజలు, పైన రేకులు, లోపల రెండు తెల్లటి ఎడ్లు.

"ఎవరిదమ్మా ఈ కొట్టం?" అన్నాను.

"మాదే" అంది రేణుక.

సాయంత్రం ఐదింటికి బడి వరండాలో పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. పదిహేను, ఇరవై మంది ఉంటారు. తెలుగులో ఒకరు, మధ్య మధ్య మరాఠీ కలిపి ఒకరు, ఎవరికి వచ్చినట్టు వాళ్లు మాట్లాడారు. ఆ క్లాసులో ఒకటే గట్టి నియమం. ఎదుటి మనిషి చెప్పింది ముందు అప్పజెప్పాలి. ఆ మనిషి "అవును, గదే" అన్నాకే నీ మాట చెప్పుకోవాలి. దాన్ని వాళ్లు మాట అప్పజెప్పుడు అంటారు.

ఆ రోజు విషయం పెళ్లి బరాత్‌లో డీజే పెట్టాలా వద్దా అని. పంక్చర్ షాపు రఫీకి డీజే అంటే ప్రాణం. వద్దన్న పిల్ల మాటను అప్పజెప్పమంటే, "గీమెకు పాటలంటె పడది, గంతే" అన్నాడు.

"కాదు" అంది ఆ పిల్ల. రెండోసారీ కాదంది. మూడోసారికి రఫీ తల గోక్కుని, "వాళ్ల తాతకు గుండె ఆపరేషన్ అయింది. చప్పుడుకు పరేషాన్ అయితుండు. మా ఇంటి ముందట జర ఆపుండ్రి అంటుంది" అన్నాడు. అవును, గదే అంది ఆమె. అప్పుడు రఫీ వంతు వచ్చింది. "ఇగ నేనేం చెప్పాలె?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నేను నవ్వుదామని వచ్చిన నవ్వు ఇది కాదు. మా చౌరస్తాలో నేను నిలబెట్టిన వాళ్లలో ఒక్కడికైనా ఈ పని చేతనవుతుందా అని ఆలోచించాను. ఒక్క మొహమూ గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి శ్రావణి అద్దెకుంటున్న గదిలోనే పడక. జొన్న రొట్టె, వంకాయ కూర, పచ్చిమిర్చి తొక్కు. తొక్కు కారానికి నా చెవులు గుయ్యిమన్నాయి. అయినా ఇంకో రొట్టె అడిగి వేయించుకున్నాను.

సోమవారం పదింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పత్తి ఏరే రోజుల్లో జనం ఏం వస్తారులే అనుకున్నాను. పిల్లలు ముందే ఇంటింటికీ తిరిగి పిలిచారట, షామియానా నిండిపోయింది. గంగన్న మాత్రం లోపలికి రాకుండా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. బక్కపలుచటి మనిషి, భుజాన తువ్వాల.

బస్సు సంగతి రాగానే కార్యదర్శి తేలిగ్గా, "కొట్టం సగం రోడ్డు జాగల ఉంది. తీర్మానం చేస్తే తీసెయ్యొచ్చు" అన్నాడు.

"తీసెయ్యి. ఎడ్లను నీ ఆఫీసుల కట్టేస్త" అన్నాడు గంగన్న. "బస్సు ఈ యేడు వస్తది, వచ్చే యేడు బంద్ వెడ్తరు. నా కొట్టం మళ్ల ఎవడు కట్టిస్తడు?"

రేణుక లేచింది. ఆ పొడుగు చేతుల చొక్కా ఇవాళ లేదు.

"బాపు చెప్పింది ముందుగాల అప్పజెప్త. కొట్టం పోతే ఎడ్లకు నీడ ఉండది. బస్సు మీద నమ్మకం లేదు. గంతేనా బాపు?"

"కాదు."

"కొట్టం మళ్ల కట్టుడంటే మళ్ల ఖర్చు, మళ్ల కష్టం. గదేనా?"

"కాదు."

ఇంకోసారి చెప్పింది. ఇంకోసారి కాదన్నాడు. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. కార్యదర్శి గడియారం చూసుకుని, "అమ్మా, గ్రామసభల గసొంటి రూల్ ఏం లేదు. నీ మాట చెప్పు, చేతులు ఎత్తిద్దాం" అన్నాడు. ఆయన అన్నది నిజమే. చేతులెత్తిస్తే రేణుకదే గెలుపు, ఊరంతా ఆమె వైపే ఉంది. చేతులెత్తమని అడగవే పిల్లా అని నాకే నోటి దాకా వచ్చింది. పక్కనున్న శ్రావణి నా వైపు వంగింది.

"ఎదుటోడు అవును అననే అనకపోతె ఏం చెయ్యాల్నో నేను నేర్పలే మామా" అని గొణిగింది.

రేణుక కార్యదర్శి వైపు చూడలేదు. జనం మధ్య నుంచి నడుచుకుంటూ పోయి వాళ్ల బాపు ముందు నిలబడింది.

"నాకు సమజైతలేదు బాపు. నువ్వే చెప్పు."

గంగన్న భుజం మీది తువ్వాల తీసి చేతికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టుకున్నాడు.

"నేను చేన్ల ఉన్నప్పుడు టేపు వట్టి నా కొట్టం కొల్చిండ్రు. డిపోల అడిగిండ్రు. సర్పంచ్‌ను అడిగిండ్రు. ఊరంత తిరిగి సంతకాలు పెట్టిచ్చుకున్నరు. దినాం నా పక్కన కూసొని బువ్వ తింటివి. నన్ను ఒక్క మాట అడిగినవా?"

రేణుక మళ్లీ అప్పజెప్పడం మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా.

"ఊరందర్ని అడిగిన. మా ఇంట్ల... మా బాపును అడగలే. గంతేనా?"

"అవును" అన్నాడు గంగన్న. "గదే."

ఇక ఆమె వంతు. నెల రోజులుగా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఉందని శ్రావణి చెప్పింది. అదంతా ఎటు పోయిందో!

"కొట్టం వెనుకకు జరుపుదామా బాపు? శైలు కాలేజికి పోవాలె."

అంతే అంది. నాకు కళ్లు మసకబారాయి. ఫ్లెక్సీలు అమ్ముకునేవాడివి, నీకెందుకురా ఈ కన్నీళ్లు అని నన్ను నేనే తిట్టుకుని ముక్కు తుడుచుకున్నాను.

"మొదటి ఏరుడు కానీ. పత్తి ఇంటికి రాంగనే జరుపుత" అన్నాడు గంగన్న. తర్వాత కార్యదర్శి వైపు తిరిగి వేలు చూపించాడు. "గని బస్సు రాకపోతె మళ్ల గాడనే పాతుత. గది గుడ రాసుకో."

నవ్వుల మధ్య తీర్మానానికి చేతులు లేచాయి. గంగన్న చెయ్యి ఎత్తలేదు, లేచిన చేతులను మాత్రం ఒక్కొక్కటిగా చూశాడు. వచ్చే ఆదివారం క్లాసు, సభకు పోయేముందు ఇంట్లో ఎట్లా అడగాలో దాని మీదనట. శ్రావణి అప్పుడే నిర్ణయించేసింది. ఇంట్లో అడగకుండానే ఇక్కడికొచ్చి ఉంటున్నావు, నువ్వు ముందు మీ అమ్మతో మొదలుపెట్టు అన్నాను. కోపంగా చూసింది.

మధ్యాహ్నం నన్ను మెయిన్ రోడ్డు దాకా దింపింది గంగన్నే, తన మోటారు సైకిలు మీద. బండి ఆపాక, "మా రేణుక మాట్లాడింది ఇన్నరు గద?" అన్నాడు.

"విన్నాను. బాగా మాట్లాడింది."

"అందరి నడుమ నన్ను నిలబెట్టింది" అన్నాడు. కోపంగా అందామనే అనుకున్నాడు గానీ మీసాల కింద నవ్వు ఆగలేదు.

రెండున్నరకు ఉట్నూరు బస్సు వచ్చింది. నిన్నటి కండక్టరే. టికెట్టు కొట్టి ఇస్తూ గుర్తుపట్టాడు.

"పోయొచ్చిండ్రా సార్? మస్తు నడిచి ఉంటరు."

"ఇక బస్సు లోపలికే పోవచ్చు. తిరగడానికి జాగా అవుతుంది" అన్నాను గొప్పగా.

"జాగ ఒక్కటేనా సార్? పొద్దుగాల ట్రిప్పుల కింది ఊర్ల పిల్లలు ఫుట్‌బోర్డు మీద నిలవడి వస్తరు. నేను లోపటికి పోయి వచ్చెటాల్లకు వాళ్లకు ఫస్ట్ పీరియడ్ పోతది. వాళ్లు నన్నే తిడ్తరు."

జవాబు నా నాలుక చివరనే ఉంది. మామూలుగా అయితే ఉట్నూరు దాకా వాదించి, గెలిచి, దిగేవాణ్ణి. రేణుక గుర్తొచ్చింది. జవాబు మింగేశాను.

"అంటే నీకు ఆ ఊరికి పోవడం ఇష్టం లేదు, అంతేనా?" అన్నాను.

"కాదు సార్! నేను పోనన్ననా?" అని చిన్నబుచ్చుకున్నాడు.

మళ్లీ ఆలోచించుకున్నాను. ఇది పైకి కనబడేంత తేలికైన పని కాదు, మీరూ ఎక్కడైనా ప్రయత్నించి చూడండి.

"పోనని నువ్వు అనడం లేదు. ఒక ఊరి పిల్లల కోసం పోతే ఇంకో ఊరి పిల్లలకు పాఠం పోతుంది. ఎవరి పాఠం పోయినా మాట పడేది నువ్వే."

కండక్టరు టికెట్ల మిషను చంకలో పెట్టుకుని నా ముందు సీటు కమ్మీకి ఆనుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట తనతో ఎవరూ అనలేదన్నట్టు చూశాడు.

"అవును సార్" అన్నాడు. "గదే."

అప్పుడు నా వంతు వచ్చింది.