సగం విన్న తుపాకీ కథ

సౌదీలోని రాస్ తనూరా రిఫైనరీలో మా పైఅధికారి ఒక ఇంగ్లీషు ముసలాయన. మా పెద్ద పంపు ఆగిపోయింది. దాని ఇరుసుకు తొడిగే స్లీవ్, జానెడు ఉక్కు గొట్టం, కావాలని ఆయన్ని అడగడం మొదలుపెట్టి ఆరు వారాలైంది. కాకినాడలో నా భార్యకు నెలలు నిండాయి. పంపు తిరగకుండా సెలవడగడానికి నాకు మొహం చెల్లలేదు.

గొట్టం మాట ఎత్తితే చాలు, ఆయన తుపాకీ కథ ఎత్తుకునేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల సైన్యం ఆయుధాలన్నీ ఫ్రాన్సు తీరంలో వదిలేసి వచ్చిందట. చిన్న మరతుపాకులు అమెరికాలో కొందామంటే మహా ఖరీదు, పైగా తెచ్చే ఓడలు మునిగిపోతున్నాయి. చివరికి గొట్టం ముక్కలతో, రేకులతో స్టెన్ అనే తుపాకీని తామే చేసుకున్నారట. ఒక్కో షెడ్డులో ఒక్కో ముక్క చేయించి, అన్నీ ఒకచోట బిగించి పంపేవారట. వాళ్ల నాన్నకూ ఒకటి ఇచ్చారట.

సరిగ్గా అక్కడికి నా ఓపిక చచ్చేది. "సార్, నా స్లీవ్ సంగతి?"

"అప్రూవ్డ్ సప్లయర్ నుంచే రావాలి."

చెప్పేవి శ్రీరంగ నీతులు!

ఫోన్లో నా భార్య అంది: "డాక్టరమ్మ వచ్చే వారమేనందండి. ఆయన కథ అయ్యేలోపు బిడ్డకి పళ్లొచ్చేత్తాయి."

ఒళ్లు మండి దమ్మాం పట్నం వెళ్లాను. అక్కడొక పాకిస్తానీ లేత్ మేస్త్రీ పూటలో స్లీవ్ చేసిచ్చాడు. దాన్ని తెచ్చి ముసలాయన బల్ల మీద టక్కున పెట్టాను.

"మీ స్టెన్ లాంటిదే సార్."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "నువ్వెప్పుడూ కథ చివరిదాకా వినలేదు" అన్నాడు. ఆ తుపాకీ కింద పడితే ఒక్కోసారి దానంతటదే పేలేదట. లారీ దిగుతుంటే వాళ్ల నాన్న చేతిలోంచి జారింది. అప్పటికి ఈయన తల్లి కడుపులో ఉన్నాడు.

నేను స్లీవ్‌ని మెల్లగా నా వైపు లాక్కున్నాను.

"ఈ పంపు పక్కన నిలబడేది నువ్వే. ఎందుకంత తొందర?"

చెప్పాను. ఆయనకు నిజంగా కోపం వచ్చింది.

"ఆరు వారాలుగా గొట్టం అడిగావు. సెలవు ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. ఆయన కథ నేను సగమే విన్నాను, నా కథ ఆయనకు అసలు చెప్పనే లేదు. నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఇంటికెళ్లి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం తెప్పించి సంతకం చేశాడు. "మా నాన్నని నేను చూడలేదు. నువ్వెళ్లు, నీ బిడ్డకి కనపడు" అన్నాడు.