తారు అతుకులు

2022 శరత్కాలం, టొరంటో శివారు స్కార్‌బరో. డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. బ్రేకు మీద కాలు పెట్టే తీరు చూసి మనిషి జాతకం చెప్పేస్తానని నాకో గొప్ప నమ్మకం. అది ఎంత తెలివితక్కువ నమ్మకమో పుష్పరాణి టీచర్ వచ్చాక తెలిసింది. ఇతరుల కాళ్ళ సంగతి సరే, నా చేతుల సంగతే నాకు తెలియదని తేలింది.

ఆ ఏడాది మా వైపు బేస్‌మెంట్లన్నీ ఇండియా నుంచి దిగిన విద్యార్థులతో నిండిపోయాయి. అందరికీ లైసెన్సు కావాలి. హైదరాబాదులో బైకు నడిపిన ధైర్యంతో వచ్చి, ముందు హారన్ ఎక్కడుందని అడిగేవారు. టొరంటోలో రోడ్ టెస్టుకి స్లాట్లు దొరక్క, వాళ్ళను గ్వెల్ఫ్ దాకా తీసుకెళ్ళేవాణ్ణి. "నిన్ను చేసుకున్నాక నేనూ రోడ్డున పడ్డాను" అనేది మా ఆవిడ.

ఆ కుర్రకారు మధ్య ఒక పెద్దావిడ. జాఫ్నాలో లెక్కల టీచరుగా పనిచేసిన తమిళావిడ, అరవై దాటాయి. భర్తకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఇన్నాళ్ళూ కారు నడిపిన ఆయనకే ఇప్పుడు చూపు తగ్గింది. మంచు పడేలోగా ఆమెకు లైసెన్సు రాకపోతే, సూదులు తీశాక నిలబడటానికే ఓపిక లేని ఆ మనిషిని బస్సులు మార్చి మార్చి ఇంటికి చేర్చుకోవాలి. నాది చిత్తూరు జిల్లా, తమిళం వచ్చు. అందుకే వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

చక్కగా నడిపేది. షోల్డర్ చెక్, అంటే అద్దంలో కనిపించని చోటును తల తిప్పి చూసుకోవడం, మా కుర్రాళ్ళు నెల రోజులకు నేర్చేది, ఆమెకు రెండో పూటకే వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. రోడ్డు పని జరిగేచోట నారింజ చొక్కా తొడుక్కుని 'స్టాప్' పలక పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, ఎంతో దూరంలోనే కారు ఆపేసేది. ఇంజన్ ఆర్పేసేది. రెండు చేతులూ స్టీరింగు మీదికి తెచ్చి, వేళ్ళు చాపి పెట్టేది. వెనక హారన్లు మోగేవి.

"టీచర్, అతను రమ్మంటున్నాడు."

"చూశాను మాస్టర్" అనేది. కదిలేది కాదు.

మొదటి టెస్టు సరిగ్గా అలాగే పోయింది. నడిరోడ్డు మీద కారణం లేకుండా ఆగడం పెద్ద తప్పు. నేను ఊరుకున్నానా? "ఇది కెనడా టీచర్, ఇక్కడ ఆగితేనే ప్రమాదం" అని ఉపన్యాసం దంచాను. ఆమె తల వంచుకుని, జవాబు తెలిసీ చెప్పని పిల్లలా విన్నది.

రెండో స్లాట్ గ్వెల్ఫ్‌లో దొరికింది. ఆ ఉదయం నేను నడుపుతున్నాను. పక్కన టీచర్, వెనక సీట్లో మౌనిక. మౌనిక వరంగల్ అమ్మాయి, తన టెస్టూ ఆ రోజే. హైవే దిగి చిన్న రోడ్డెక్కాక టీచర్ అడిగింది.

"మాస్టర్, మీరు మా ఊళ్ళో లారీ నడిపారా?"

నవ్వేశాను. "నేనెక్కడ, మీ ఊరెక్కడ!"

"ఇందాకటి నుంచి చూస్తున్నాను. గుంటలొస్తే అందులోంచే పోతున్నారు. కొత్తగా పూడ్చిన చోటు వస్తే మాత్రం చుట్టూ తిరిగి పోతున్నారు. అలా నడిపేవాళ్ళను నేను ఒక్క చోటే చూశాను."

నా చేతులవైపు చూసుకున్నాను. అప్పుడే ఒక నల్లటి తారు అతుకును తప్పించి ఉన్నాయి. ఒక కాఫీ షాపు పార్కింగ్‌లోకి తిప్పి కారు ఆపాను. కెనడాలో ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. ఎనభై ఏడులో మన సైన్యం శ్రీలంకకు వెళ్ళినప్పుడు నేను అందులో లారీ డ్రైవర్ని.

మౌనికకు తమిళం రాదు. తెలుగులో మళ్ళీ చెప్పాను.

"మనోళ్ళు ఆడికెందుకు పోయిండ్రు అంకుల్?"

"శాంతి కాపాడటానికి. అక్కడి ప్రభుత్వానికీ, గెరిల్లాలకీ మధ్య."

"మరి ఎవరితోని కొట్లాడిండ్రు?"

"గెరిల్లాలతో."

"గదేంది అంకుల్! నడుమ నిలబడ్డోళ్ళు గట్లెట్ల చేస్తరు?"

ఆ ప్రశ్న అప్పట్లో నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఒక టేప్ రికార్డర్ కొనుక్కుని రెండు నెలల్లో ఇంటికి పోవచ్చనుకున్న ఘనుణ్ణి. ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ భాషలో చెప్పుకొచ్చాను. దిగిన రోజు జనం దండలు వేశారు. లారీలో బియ్యం, పప్పు, మందులు. కిటికీలు దించుకుని పిల్లలకు చెయ్యూపుతూ పోయేవాళ్ళం. గెరిల్లాలు ఆయుధాలు అప్పగించే ఒప్పందం చెడింది. గ్రెనేడ్ లోపల పడకుండా కిటికీలకు వలలు వచ్చాయి. తర్వాత కాళ్ళ కింద ఇసుక సంచులు వచ్చాయి, మందుపాతర పేలితే కాళ్ళయినా దక్కుతాయని. ఆ తర్వాత, కొత్తగా పూడ్చిన చోటల్లా కింద మందుపాతర ఉందేమోనని, లారీ ముందు జవాన్లు ఇనుప చువ్వలతో రోడ్డును గుచ్చుకుంటూ నడిచేవారు. వాళ్ళ నడకే నా వేగం. దెబ్బ తగిలినప్పుడల్లా ఇంకో బెటాలియన్, దాని వెంట ఇంకో చెక్‌పోస్టు. ఇక యుద్ధమే చేద్దామని ఎవరైనా ఒకనాడు కూర్చుని అనుకున్నారేమో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా లారీలో సరుకు మారుతూ రావడం. శాంతి సేనలోంచి శాంతి ఎక్కడో దారిలో దిగిపోయింది. సేన ప్రయాణం చేస్తూనే ఉంది.

"వచ్చేటప్పుడు ఏం తెచ్చేవారో మేం చూశాం. తిరిగి పోయేటప్పుడు?" అంది టీచర్.

"మొదట్లో ఖాళీ బండి. తర్వాత స్ట్రెచర్లు."

టీచర్ అంది: "నేనూ దండ వేశాను తంబీ. బడి పిల్లలను వరుసలో నిలబెట్టి మరీ." అంతవరకూ మాస్టర్ని, అప్పుడు తమ్ముణ్ణయ్యాను. "తర్వాత మా వీధి చివర చెక్‌పోస్టు వచ్చింది. దూరంగా ఆపాలి. ఇంజన్ ఆర్పాలి. చేతులు కనపడాలి. మా చిన్న తమ్ముడి వ్యానుకు బ్రేకులు సరిగా పట్టేవి కాదు. ఆగాల్సిన చోటు దాటి ఆగింది. ఆ క్షణానే రెండు వైపులా కాల్పులు మొదలయ్యాయి. వాడికి ఎవరి తూటా తగిలిందో ఎవరూ చెప్పలేదు."

"ఏ చెక్‌పోస్టక్కా అది?"

"అడక్కు. నువ్వు ఆ దారిన వచ్చేవాడివేమో. నాకు తెలియడం ఇష్టం లేదు."

మౌనిక ఏమీ అర్థంకాకపోయినా నీళ్ళ సీసా ముందుకు అందించింది.

టెస్టుకి ఇంకా సమయముంది. పార్కింగ్ వెనక భాగం ఖాళీగా ఉంది. నా వృత్తి నియమాలు ఒప్పుకోని పని ఒకటి చేశాను. డిక్కీలోని నారింజ చొక్కా తొడుక్కుని, క్లిప్‌బోర్డు పట్టుకుని, ఆ చివర నిలబడ్డాను. టీచర్ స్టీరింగ్ దగ్గర కూర్చుంది. మొదటిసారి ఎప్పటిలాగే దూరంగా ఆగింది. ఇంజన్ ఆగింది. చేతులు పైకి వచ్చాయి. నేను చెయ్యూపాను, అప్పట్లో ఆ ఊళ్ళో లారీ కిటికీలోంచి పిల్లలకు ఊపినట్టు.

"రండక్కా! పోవచ్చు!"

చాలాసేపు ఏమీ కదలలేదు. తర్వాత ఇంజన్ చప్పుడు వినిపించింది. కారు నడక వేగంతో నా దగ్గరికి వచ్చింది, ఆగకుండా నన్ను దాటింది. దాటేటప్పుడు ఆమె నా ముఖంలోకి చూడలేదు. మళ్ళీ తిప్పుకొచ్చింది. ఈసారి చూసింది.

ఆమె పాసయింది. మౌనిక ఫెయిలయింది, ఎగ్జామినర్ పక్కన ఉండగా ముందు కారు మీద హారన్ కొట్టినందుకు.

మా కార్లలో నేర్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. అంతకుముందు దాన్ని తొక్కి, తర్వాత తిట్టేవాణ్ణి. ఇప్పుడు ముందు అడుగుతాను: నీకు అక్కడ ఏం కనపడుతోంది?

ఆ రోజు తిరుగు ప్రయాణంలో టీచరే నడిపింది. ఎదురుగా ఒక కొత్త అతుకు వచ్చింది. నా చెయ్యి దానంతటదే స్టీరింగు మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి తంబీ" అంది. దాని మీదుగానే పోనిచ్చింది. ఏమీ కాలేదు.

మా వీధి చివర ప్లాజాలో టీ కొట్టు ముందు ఒక పెద్ద తారు అతుకు ఉంది. ఏళ్ళ తరబడి దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, దూరంగా కారు పెట్టి, వర్షంలో తడుస్తూ నడిచిపోయేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ముందు చక్రం సరిగ్గా దాని నడినెత్తిన పెట్టి ఇంజన్ ఆపాను. కొట్టతను బయటికి వచ్చాడు.

"ఏంటన్నా, బండి చెడిందా?"

"లేదు. టీ ఇక్కడికే పట్రా. తాగేదాకా కదిలేది లేదు."