ఒడ్డు ఇడువని కట్టె బతుకమ్మలు

మొన్నటి సద్దుల బతుకమ్మ నాడు ఖానాపూర్ చెరువు నిండ నా పేరే తేలిందంటే మీరు నమ్ముతరా? మాట వరుసకు అంటలేను. నిజంగనే తేలింది! ఊరోళ్లందరు కట్ట మీద నిలబడి చదువుకున్నరు. చదువు రానోళ్లు పక్కోళ్లతోని చదివించుకున్నరు. జర చాయ్ రానియ్యుండ్రి, మొదటి నుంచి చెప్త. నవ్వుతే నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. ఖానాపూర్ల అందరు నవ్వుడు అయిపోయింది, నిర్మల్ల మీరే మిగిలిండ్రు.

మీకెరికే గద, మాది బొమ్మలు చేసే ఇల్లు. పొనికి కట్టె చెక్కుడు, చింతగింజల లప్పం పెట్టుడు, రంగులేసుడు, ఇదే మా బతుకు. నిర్మల్ల ఏ గల్లీల చూసినా బొమ్మలోళ్లే. ఇక్కడ నా బొమ్మ ఎవరు కొంటరు? అందుకే పోయినేడు మా సుగుణను తీస్కోని ఖానాపూర్ పోయి చిన్న దుకాణం పెట్టిన. అటుదిక్కు ప్రాజెక్టు పని నడుస్తున్నది గద, ఇంజనీర్లకు, ఓవర్సీర్లకు క్వార్టర్లు కట్టిండ్రు. రాష్ట్రం ఒక్కటైనంక ఆంధ్రా దిక్కు నుంచి వచ్చినోళ్లు సుత అండ్ల ఉన్నరు. మా మామ, అంటే సుగుణ వాళ్ల బాపు, ఇక్కడ బొమ్మలు చేసి పంపుతడు, నేను అక్కడ అమ్ముత. ఇదీ ఏర్పాటు.

కట్టె మామిడిపండ్లు, కట్టె సీతాఫలాలు మొదట్ల మంచిగనే పోయినయి. తర్వాత ఆగిపోయినయి. ఎందుకు ఆగవు? ఒక్కసారి కొన్నోళ్లు మళ్ల ఎందుకు కొంటరు? కట్టె పండు కుళ్లదాయె! ఈగలు సుత నా దుకాణానికి రావుడు బంద్ పెట్టినయి. మామ ఒకనాడు వచ్చి గల్లా పెట్టె దిక్కు చూసి, "అల్లుడా, ఎందుకు పరేషాన్ అయితవ్? తాళమేసి నా కాడికి రా. రంగులేస్కుంట కూసో" అన్నడు. మా మామ మంచోడే. కని ఆయన ముంగట కూసోని, ఆయన చెప్పిన రంగు చెప్పిన కాడ ఏసుడు నాతోని కాదు. "దసరా దాంక ఆగు మామా. గిరాకి కాకపోతే నేనే వస్త" అని మాటిచ్చిన.

సరిగ్గ అప్పుడే ఇంజనీరు గారి భార్య దుకాణానికి వచ్చింది. ఆమెది గుంటూరు దిక్కు. చానా మర్యాద మనిషి.

"ఏమండీ నర్సయ్య గారూ, ఈసారి మేమూ బతుకమ్మ ఆడదామనుకుంటున్నాం. ఆ పువ్వులేవో ఎక్కడా దొరకడం లేదు. మీకు తెలుసా?"

దొరుకవు మరి. ఈ యేడు వానలు ఎన్కకు పడ్డయి. గునుగు ఎదగలే. తంగేడు కోసం అడవి లోపటి దాంక పోవాలె. ఆ మాటే చెప్పబోయిన. నోరు తెరిచిన. తెరిచిన నోరు తెరిచినట్లే ఉండిపోయింది. ఐడియా వచ్చింది!

కట్టెతోని బతుకమ్మ!

ఆలోచించుండ్రి. మామిడిపండు ఇంట్లనే ఉంటది, అందుకే మళ్ల కొనరు. బతుకమ్మను నీళ్లల్ల ఇడుస్తరు. అంటే వచ్చే యేడు మళ్ల కొనాలె. ఆ పై యేడు మళ్ల కొనాలె. జిల్లా మొత్తం ఏటేటా నా కాడనే కొనాలె! ఆ రాత్రి సంతోషంతోని నాకు నిద్ర పట్టలే. నా అసొంటి తెలివైనోడు బొమ్మలోళ్లల్ల ఇప్పటిదాంక పుట్టలేదనిపించింది.

మామకు చెప్తే ఆయన సుత ఖుషీ అయిండు. ఏం పనితనం పెట్టిండనుకున్నరు! కింద గుమ్మడాకులు, వాటి మీద పసుపు పచ్చ తంగేడు, ఆపైన తెల్లది, ఎర్రది, ఊదది గునుగు, ఒక వరుస బంతి. చిట్టచివర గుమ్మడి పువ్వు, దాంట్ల పసుపు గౌరమ్మను పెట్టెతందుకు చిన్న గుంట. మీద మెరిసే రంగులు. ముట్టుకుంటే గాని కట్టె అని తెలువది.

నేనేం తక్కువ తిన్ననా? దుకాణం ముంగట బకిటిల నీళ్లు పోసి, అండ్ల బతుకమ్మను ఏసి, వచ్చినోళ్లందరికి చూపెట్టిన.

"చూడుండ్రమ్మా! రంగు పోదు! పెచ్చు ఊడదు! మునుగదు! ఫుల్ గ్యారంటీ!"

అందరు తలకాయలు ఊపిండ్రు. కొన్నరు. మునుగని బతుకమ్మతోని ఏం పని అని ఒక్కరు అడుగలే. వాళ్లు అడుగలే సరే, అమ్మెటోన్ని నేను అడుగాలె గద! నాకు సుత తట్టలే.

అది సాలదన్నట్లు ఇంకో తెలివి చూపెట్టిన. పూల బతుకమ్మ మీద పేరు రాయస్తదా? రాదు. కట్టెదాని మీద వస్తది. పైన రాస్తే బాగుండదని అడుగున, గుండ్రటి బిల్ల లెక్కున్న కాడ, ఇంతింత ఎర్ర అక్షరాలతోని రాయించిన: "నర్సయ్య బొమ్మల దుకాణం, ఖానాపూర్". ఫ్రీ అడ్వటైజ్‌మెంటు అనుకున్న.

ఇగ మా సుగుణ సంగతి చెప్పాలె. ఏడాది నుంచి ఆ వాడల మమ్ముల "కొత్తోళ్లు" అనే అంటరు. మా వాడల బతుకమ్మ పాట ఎత్తుకునేది మల్లవ్వ అనే పెద్దామె. ఆమె పిలిస్తేనే ఆటల కలువాలె, ఎవరికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. పోయినేడు సుగుణ పక్కకు నిలబడి చూసి వచ్చింది. ఈ యేడు మల్లవ్వ తనంతట తనే ఇంటికి వచ్చి, "బిడ్డా, సద్దుల నాడు మాతోని ఆడుదువు రా" అని పిలిచింది. సుగుణ ముఖం చూడాలె అప్పుడు! పట్టుచీర తీసి ఎండకేసింది. ఎంత దూరమైనా పోయి తంగేడు తెస్త, నా చేతులతోని పేరుస్త అన్నది.

"నువ్వే పూలది ఎత్తుకుంటే నా కట్టెది ఎవరు కొంటరే? దుకాణపోని పెండ్లానివి. అన్నిట్ల పెద్దది నువ్వే ఎత్తుకోవాలె. అందరి ముంగట నడువాలె" అన్న.

ఎండకేసిన చీరను మడత పెట్టింది. తర్వాత "సరే తియ్యి" అన్నది. ఆ సరే ఎట్ల అన్నదో నేను అప్పుడు పట్టించుకోలే.

సద్దుల నాడు పొద్దు వాలంగ చెరువు కాడికి పోయినం. నేను మొగోళ్లతోని కట్ట మీద నిలబడ్డ. కింద ఆడోళ్లు. నడుమ బతుకమ్మలు. పూలవి జర వాడినయి గని నావి మెరుస్తున్నయి! అందరు సుగుణ తెచ్చినదాన్నే చూస్తున్నరు. ఇంజనీరమ్మ తనదాన్ని దాని పక్కనే పెట్టి, చప్పట్లు ఒకటి ముందు ఒకటి ఎన్క కొట్టుకుంట తిరుగుతున్నది. మల్లవ్వ సుగుణను తన పక్కకు తీస్కున్నది. నా ఛాతి ఇంత అయింది. పక్కనున్న సేటు "నర్సయ్యా, నీ కారోబార్ ఇగ ఆగదు" అన్నడు. "అంత అమ్మ దయ" అన్న నేను, పెద్ద షావుకారి తీరుగ.

ఆట అయిపోయింది. పసుపు గౌరమ్మను తీసి పుస్తెలకు పూసుకున్నరు. ఇగ బతుకమ్మలను నీళ్లల్ల ఇడిచి, పోయి రమ్మని సాగనంపిండ్రు.

పూలవి నీళ్లు తాగి, మెల్లగ లోపలికి జారి, విడిపోయినయి. చూడ సక్కగ ఉన్నది. నావి జర దూరం పోయినయి. అక్కడ ఆగినయి. పొనికి కట్టె అంటే ఎంత తేలికనో మీకు చెప్పాల్నా? ఎదురుగాలి రాంగనే ఒక్కొక్కటే పక్కకు ఒరిగి, అడుగు మా దిక్కు తిప్పి, గిర్రున తిరుక్కుంట ఒడ్డుకు రావట్టినయి. ఎర్ర అక్షరాలు. నర్సయ్య బొమ్మల దుకాణం. నర్సయ్య బొమ్మల దుకాణం. ఏ దిక్కు చూసినా నర్సయ్యనే!

ఆడోళ్లు మళ్ల నెట్టిండ్రు. మళ్ల వచ్చినయి. ఈసారి ఇంక జల్ది వచ్చినయి.

ఇంజనీరమ్మ చప్పట్లు కొట్టింది. "వచ్చేస్తోంది, చూడండి! పంపించినా మళ్ళీ మనింటికే వస్తుందన్నమాట! ఎంత మంచి ఆచారమండీ!"

మల్లవ్వ పాట ఆపింది. సుగుణ దిక్కు తిరిగి, "ఏమాయెనే? అమ్మ పోతలేదేందే?" అన్నది. సుగుణ చేతుల ఉత్త తాంబాలం ఉన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కట్ట మీదికెల్లి నాకు సాఫ్‌గ కనపడ్డది. ఇగ నేను ఆగలే. కొత్త ధోతి ఉన్నది, ఏం చూసుకోలే, నీళ్లల్ల దుంకిన.

దుంకి ఏం చేసిన? ఒకదాన్ని రెండు చేతులతోని కిందికి ఒత్తిన. చెయ్యి తియ్యంగనే బుడుంగున మీదికి లేచింది. ఇంకోదాన్ని ఒత్తిన. అది నా గదుమకు తాకి లేచింది. కాలు పెట్టి తొక్కబోయిన.

"ఓరి నర్సిగా! అమ్మను తొక్కుతవురా!" మల్లవ్వ ఒర్లింది.

కాలు తీసిన. పెద్ద రాయి ఒకటి దొరికింది. తల రుమాలు ఇప్పి కట్టబోయిన.

"అమ్మ మెడకు రాయి కడుతవురా! నీ చేతులు పడిపోను!"

రాయి ఇడిచిన. అది నా కాలు మీదనే పడ్డది. కట్ట మీద సేటు నవ్వుడు మొదలువెట్టిండు. తర్వాత కట్ట మొత్తం నవ్వింది. నేను నడుము లోతు నీళ్లల్ల, చుట్టు నా పేర్లు!

మల్లవ్వ నవ్వలే. నీళ్ల కాడికి వచ్చి, సుగుణ గదుమ పట్టుకోని, "ఏడువకు బిడ్డా. గౌరమ్మ పసుపు నీ పుస్తెలకు అంటలేదా? అమ్మ దీవెనిచ్చి ఎప్పుడో పోయింది. ఇవి వట్టి కట్టెలు. నీ మొగని కట్టెలు" అన్నది. అని నా దిక్కు తిరిగింది. "సాగనంపినదాన్ని మేము మళ్ల ఇంటికి తేము. ఎవని పేరున్నదో వాడే ఎత్తుకపోవాలె!"

ఎత్తుకపోయిన. గంపల నింపి, నెత్తి మీద పెట్టుకోని, తడి ధోతితోని, బజార్ల నుంచి కుంటుకుంట పోయిన. ఎదురైనోళ్లు "నర్సయ్యా, ఏమైంది?" అని అడుగుడు, పక్కోళ్లు చెప్పుడు. ఇంటికి పోయేసరికి నా కంటె ముందు నా కథ పోయింది.

సుగుణ ఆ రాత్రి అన్నం పెట్టింది కని పలుకలే. తెల్లారి సుత పలుకలే. తప్పు నాదే, ఏమని మొదలు పెట్టాలె? తడిస్తే కట్టె పగులుతదని బతుకమ్మలను అరుగు మీద వరుసగ ఆరబెట్టిన. ఊరంత అటుకెల్లే నడిచింది ఆ రోజు. పని లేనోళ్లు రెండుసార్లు నడిచిండ్రు. మామకు తాళం చేతి పంపుడే ఇగ మిగిలిందనుకున్న.

అప్పుడు ఇంజనీరమ్మ వచ్చింది.

"నాది ఇచ్చేయండి నర్సయ్య గారూ. మాకు బదిలీ అయ్యేలా ఉంది. ఊరికి తీసుకెళ్ళి మా అమ్మకి చూపిస్తాను. ఇక్కడ ఇలా ఆడతారని చెబితే నమ్మద్దూ! అయినా ఇంత చక్కని వస్తువు నీళ్ళలో వేయమన్నారేంటండీ మీరు? షోకేసులో పెట్టుకునేది కదా!"

నేను మళ్ల నోరు తెరిచిన.

"చేతిలో పట్టేంత చిన్నవి చేయించండి. మా అక్కచెల్లెళ్ళకి ఇస్తాను. అడుగున పేరు ఉండనీయండి, ఎక్కడ కొన్నావని అడుగుతారుగా. మరీ ఒడ్డు నుంచి చదివేంత పెద్దగా మాత్రం వద్దు."

ఆమె చూసి పక్క క్వార్టరామె అడిగింది. ఆమె చూసి ఓవర్సీరు భార్య అడిగింది. ఎటు బదిలీ అయినా యాదికి ఒకటి ఉండాలెనట. నేను మామకు కబురు పెడితే ఆయన ఉలి పట్టుకోని ఖానాపూర్కే వచ్చిండు. "తాళం సంగతి తర్వాత చూస్తం గని, ఎన్ని కావాలెనో చెప్పు" అన్నడు. ఇప్పుడు దుకాణంల రంగులేసుడు నేనే. మామ ముంగట కూసోని, ఆయన చెప్పిన రంగు, చెప్పిన కాడ.

దుకాణం నిలబడ్డది. కని సుగుణ నవ్వలే. అదొక్కటి నాకు మస్తు బాధ అనిపించింది. దాని బతుకమ్మను దాని చేతులతోని పేర్చుకోనిస్తే ఏం పోయేది నాకు?

నిన్న మాపటికి వాకిట్ల మల్లవ్వ గొంతు వినపడ్డది. నేను లోపల వడ్ల గుమ్మి ఎన్కకు పోయిన. నిజం చెప్తున్న, దాసుకున్న! ఆమె అరుగు మీద కూసున్నది, బతుకమ్మలను తిప్పి తిప్పి చూసింది.

"చిన్నది ఉంటే ఒకటి ఇయ్యి బిడ్డా. ఆసిఫాబాద్ల మనుమరాలున్నది, ఆడుకుంటది."

సుగుణ తీసి ఇచ్చింది. మల్లవ్వ కొంగుల చుట్టుకోని లేచింది.

"వచ్చే యేడు నువ్వు నా పక్కనే నిలబడాలె. మొదటి పాట నువ్వే ఎత్తుకోవాలె. నీ గొంతు మంచిగున్నది. కని ఒక్క మాట. వచ్చెటప్పుడు నీ మొగన్ని ఇంట్ల గుంజకు కట్టేసి రా."

సుగుణ నవ్వింది! సద్దుల నాటి నుంచి నవ్వనిది, గుమ్మి దిక్కు చూసి మరీ నవ్వింది. "కట్టేస్త పెద్దవ్వా" అన్నది.

నేను గుమ్మి ఎన్కకెల్లి బయటికి వచ్చి, చేతులు కట్టుకోని, "సరే మల్లవ్వా, తాడు సుత నేనే తెస్త" అన్న. ఏం చేస్త మరి! దుకాణం పెట్టుకున్నోన్ని, గిరాకి మాట కాదంటనా?