గడ్డి ఉన్నచోటే

ఎనభైల్లో సంగతి. మా ఆయన నూజివీడులో మామిడికాయల వ్యాపారి. మా పెళ్ళయిన ఏడాది చలికాలంలో పని మీద మైలవరం వెళ్ళి, వస్తూ వస్తూ సంచిలో ఒక తెల్లకుందేలుని తెచ్చారు. ఎందుకని అడిగితే "ఊరికే, నీ కోసమే" అన్నారు. ఊరికే ఎవరూ ఏదీ తేరు. ఏదో తప్పు చేసొచ్చారేమోనని ముందు ఆయన్నే అనుమానించాను. అనుమానం నా పుట్టుబుద్ధి, ఏం చేయను.

అత్తగారు దాన్ని చూడగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"మడీ తడీ ఉన్న ఇల్లమ్మా ఇది. ఒక్క పెంటిక నా కంటపడిందా, ముసునూరు తోటకి పంపించేస్తాను."

ముసునూరు తోటలో కాపలా కుక్కలున్నాయి. వాటి మధ్య ఈ దూదిపింజ ఒక్క పూట కూడా బతకదు.

కాయలు సర్దే చెక్కపెట్టె ఒకటి వెనక వరండాలో పెట్టి, అడుగున వరిగడ్డి పరిచాను. అది ఎక్కడ పెంటికలు వేసినా ఏరి ఆ పెట్టెలో వేసేదాన్ని, దాన్నీ ఎత్తి అందులోనే కూర్చోబెట్టేదాన్ని. ఒక పక్కన ముల్లంగి ఆకు పెట్టేదాన్ని. నోరు ఆడుతుంటే గానీ కుందేలుకి రెండో పని సాగదని అప్పుడే తెలిసింది. మామిడి పూత పిందె కట్టేసరికి తనంతట తనే పెట్టెలోకి దూకి, నములుతూ పని కానిచ్చుకుని వచ్చేసేది. ఇల్లు అద్దంలా ఉండేది.

అదే అత్తగారికి నచ్చలేదు.

"నోరులేని జంతువు నీ మాట వింటుందా? నేను స్నానానికెళ్ళినప్పుడు నువ్వే ఊడ్చేస్తున్నావు" అని మర్నాటి నుంచి చీపురు తన చేతిలోకి తీసుకున్నారు. మంచాల కింద కూడా వంగి వెతికేవారు. ఏమీ దొరక్కపోతే నావైపు అదోలా చూసేవారు. పెట్టెలోంచి గుప్పెడు తీసి ఆవిడే ఎక్కడైనా చల్లుతారేమోనని నేను ఆవిడ వెనకే తిరిగేదాన్ని. ఒకే ఇంట్లో ఇద్దరం పోలీసులం. దొంగ మాత్రం హాయిగా ఆకు నములుతూ ఉండేది.

ఎండాకాలం వచ్చింది. ఇంటికీ చుట్టాలకీ కావలసిన చిన్నరసాలు లోపలి గదిలో మగ్గబెట్టేవారు. నేలంతా వరిగడ్డి, మీద కాయలు, పైన మళ్ళీ గడ్డి. ఆ గదికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి అత్తగారి బొడ్లో. మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళ ఆవిడ లోపలికెళ్ళి, తలుపేసుకుని కాయలు తిప్పేవారు.

ఒకరోజు మా ఆయన పళ్ళు తీసుకుని రెడ్డిగూడెంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి బయల్దేరబోయారు. పళ్ళు ఏరడానికి ఆయనా, అత్తగారూ, నేనూ ఆ గదిలోకి వెళ్ళాం. మూలన, కాయలు లేనిచోట, గడ్డి మీద నల్లగా గుండ్రంగా పెంటికల కుప్ప.

గడ్డి ఉన్నచోటే కూర్చోమని నేర్పింది నేనే, అది బుద్ధిగా నేర్చుకుంది. నూజివీడులో వేసవికాలం ఇంట్లోనే గడ్డి పరుస్తారని మాత్రం నాకు ముందు తట్టలేదు.

"ఇదేంటి, పళ్ళ గదిలో! రేపే తోటకి పంపేద్దాం" అన్నారాయన.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. తాళం వేసిన గదిలోకి కుందేలు ఎలా వచ్చింది? తలుపు తీసేది ఒక్కరే. కుక్కల పాలు చేయాలని ఆవిడే పెట్టెలోంచి తెచ్చి పోసి ఉంటారు! నిలదీద్దామని కోపంగా ఆవిడవైపు తిరిగాను. తిరిగినదాన్ని అలాగే ఉండిపోయాను. ఆవిడ చీర ఒడిలో అంతా తెల్లటి బొచ్చు.

"ఎలకలురా" అన్నారు అత్తగారు.

"ఇంత లావు పెంటికలా అమ్మా?"

"రసాలు తిని పెరిగిన ఎలకలు, లావుగా ఉండక ఎలా ఉంటాయి? నువ్వు బయల్దేరు, బస్సెళ్ళిపోతుంది."

ఆయన పళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. అత్తగారు కిందికి వంగి, బాగానే ఉన్న కాయల్ని మళ్ళీ సర్దడం మొదలుపెట్టారు.

"ఒక్కదాన్నే తిప్పుతుంటే ఏం తోస్తుందమ్మా" అన్నారు, నా మొహం చూడకుండా.

నాకు ఏడుపొచ్చింది. పొద్దున లేస్తే ఆవిడ్ని వెయ్యి రకాలుగా అనుమానించేదాన్ని. ఈ ఒక్కటి మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు.