అత్తగారి ఉబ్బసం మాత్రలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం రేపల్లెలో మా అత్తగారితో కలిసి ఉండేవాళ్ళం. టీచరుగా చేసి రిటైరైన మనిషి. చర్చి పాటల బృందంలో ఆవిడ గొంతే పెద్దది. ఉబ్బసం ఉన్నా పాట మానలేదు. బాపట్లలో ఒకాయన ఇచ్చే నల్లమాత్రలు వేసుకుంటే ఊపిరి హాయిగా ఆడుతోందని ఏళ్ళ తరబడి అవే మింగారు.

మెల్లగా అరచేతుల్లో ఆవగింజలంత గట్టి కాయలు లేచాయి. దుమ్ములో చినుకులు పడ్డట్టు ఒంటిమీద నల్లమచ్చలు, మధ్యమధ్య తెల్లచుక్కలు. కాళ్ళు తిమ్మిర్లు. ఒక ఆదివారం చెప్పు ఊడిపోయినా తెలీక ఒంటిచెప్పుతో ఇంటికొచ్చి, నాకంటే ముందు ఆవిడే పగలబడి నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. తెనాలిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అరచేతులు చూసి మూత్రం పరీక్షకి పంపించారు. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, "ఒంట్లో ఆర్సెనిక్ ఉందమ్మా. అంటే పాషాణం. ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని నావైపు చూశారు.

అనుమానం నామీదేనని అర్థమై కుర్చీ అంచుకి జరిగాను.

"వంట నాదేనండి," అన్నారు అత్తగారు. "ఇది ఆఫీసుకెళ్ళొచ్చి నా చేతి కూడే తింటుంది. పెడితే నేను దీనికి పెట్టాలిగానీ, ఇది నాకెలా పెడుతుందండీ?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "పోనీ, వేరే మందులేమన్నా వాడుతున్నారా?"

ఆవిడ సంచీలోంచి మాత్రల సీసా తీసి బల్లమీద పెట్టారు. వాటిని పరీక్ష చేయిస్తే పాషాణం అందులోనే దొరికింది.

"లోపలికెళ్ళినదాన్ని కాలేయం మార్చి పంపితే, కిడ్నీలు మూత్రంలో బయటికి తోసేస్తాయి," అని చెప్పారాయన. "రోజూ మింగుతుంటే ఎంతని తోస్తాయి? కొంత చర్మంలో, గోళ్ళలో, జుట్టులో చేరుతుంది. నరాల్ని పాడుచేస్తుంది. ఏళ్ళు గడిస్తే కేన్సరు కూడా రావచ్చు. ముందు మాత్రలు ఆపండి. ఉబ్బసానికి ఇన్‌హేలరు రాస్తాను."

"ఇన్నాళ్ళూ విషం మింగి స్తోత్రాలు పాడానన్నమాట!" అన్నారావిడ. ఆ మాట నవ్వుతూనే అన్నా, బస్సులో మాత్రం నా చెయ్యి వదల్లేదు.

కొన్ని నెలలకి తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. మచ్చలు పలచబడ్డాయి. అరచేతి కాయలు మాత్రం పూర్తిగా పోలేదు. ఒకటి అనుమానంగా ఉందని కోసి పరీక్షకి పంపారు, భయమేం లేదన్నారు. ఆ కబురు తెలిసిన రోజు ఆవిడ తెనాలి హోటల్లో రెండు నేతి పెసరట్లు తిని, మూడోది నా ప్లేట్లోంచి లాక్కున్నారు.