నల్ల గొట్టంలో ఇంటర్నెట్

ఇప్పుడైతే అరకు వచ్చిన ప్రతివాడూ కొండ మీద నిలబడి ఫోన్‌లో వీడియో పంపేస్తున్నాడు గానీ, ఆ రోజుల్లో మా వైపు ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగలోంచి కూతలు పెడుతూ వచ్చే వస్తువు. నేను కంప్యూటర్ మాస్టారుగా చేరిన మిషన్ స్కూల్లో ఆ తీగ ఎగువన ఫాదర్ గారి ఆఫీసు దాకా వచ్చి ఆగిపోయింది. కంప్యూటర్ గదేమో దిగువన, వంటశాల పక్కన. ఇంటర్నెట్‌ను కిందికి దించితే, బిషప్ గారు గది ప్రారంభించిన రోజే నా ఉద్యోగం పర్మినెంట్ చేస్తామన్నారు. అంతకుముందు ఏడాదంతా ఖాళీగా కూర్చుని మా నాన్న మౌనాన్ని అన్నంలో కలుపుకు తిన్నవాణ్ణి. ఆ ఉద్యోగం పోతే నాకు మళ్లీ ఆ అన్నమే గతి.

మొదట కేబుల్‌ను కంచె మీదుగా లాగాను. కోతులు కొరికి చూసి, రుచి నచ్చక ముక్కలుగా వదిలేశాయి. తర్వాత మట్టిలో పాతాను. ఎలుకలకు రుచి నచ్చింది. "గొట్టంలో పెట్టి తీసుకెళ్లవయ్యా. కొత్త గొట్టం కొనమని మాత్రం అడక్కు," అన్నారు ఫాదర్. కొండ ఊట నుంచి ట్యాంకుకి నీళ్లు తెచ్చినప్పుడు మిగిలిన నల్ల గొట్టం ముక్కలు చర్చి వెనక దొరికాయి. వాటిలోంచి కేబుల్ లాగడం (ముందు పురికొస దూర్చాలి, దానికి కేబుల్ కట్టి అవతలి నుంచి లాగాలి, సగం దారిలో ముడి ఊడాలి, మళ్లీ మొదలెట్టాలి) నా ఆయుష్షులో సగం తినేసింది. ఎలాగో ముక్కలన్నీ అతికి, ఆఫీసు వెనకున్న ట్యాంకు పక్కనుంచి కిందికి, గోడలోంచి గదిలోకి దించాను. ఇంటర్నెట్ వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

ప్రారంభం రోజు బిషప్ గారు రిబ్బను కత్తిరించి లోపల అడుగుపెట్టగానే, గోడలోని గొట్టం ఒకసారి గుటకేసి, కంప్యూటర్ మీద నీళ్లు కక్కడం మొదలుపెట్టింది. చల్లటి కొండ నీళ్లు, ధారాళంగా. ఫాదర్ నావైపు చూశారు. నేను పైకి పరిగెత్తబోతే, రోజూ ఆ ట్యాంకు నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేసే అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) బిందెతో గుమ్మంలో ఎదురైంది.

"మీరు గొట్టమేసీసి నీళ్లిప్పడం మరిసిపోనారు మాస్టారూ. నానే ట్యాంకు కుళాయికి సైకిల్ ట్యూబు తొడిగి, రెండో కొస మీ గొట్టంలో దూర్చి ఇప్పీసినాను," అంది సంతోషంగా.

"లోపల తీగ ఉంది కదప్పా, చూళ్లేదా?" అన్నాను నీరసంగా.

"సూసేను. ఆకులడ్డం పడితే పొడిసి తియ్యడానికి ఎట్టేరనుకున్నాను."

ఆమెననడానికేం లేదు. మా కొండల్లో నల్ల గొట్టం దిగిందంటే నీళ్లకే. ఆకులు అడ్డం పడితే తీగతోనే పొడుస్తారు. ఆమె బిందె గొట్టం కింద పెట్టి, అది నిండుతుంటే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఎన్నాళ్లుగా మోస్తున్నావమ్మా నీళ్లు?" అన్నారు బిషప్ గారు.

"పెళ్లయి ఈ ఊరొచ్చిన కాణ్ణించి, అయ్యగారూ."

ఆయన చెయ్యెత్తి ఆ గొట్టాన్ని ఆశీర్వదించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తడిసిన కంప్యూటర్‌ను తుడుస్తూ నేనూ కొట్టాను.

నా ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. ఆ గొట్టం అయింది. కేబుల్ పీకేసి గొట్టాన్ని వంటశాలలోకి తిప్పడమే అక్కడ నేను చేసిన ఆఖరి పని. మళ్లీ ఇంటికెళ్లాను, మళ్లీ ఆ అన్నమే తిన్నాను.

ఆ తర్వాత విశాఖలో ఎన్నో ఆఫీసుల్లో కొత్త గొట్టాలు వేసి కేబుళ్లు లాగాను. అన్నీ చక్కగా పనిచేశాయి. వాటిలో ఒక్కదాన్ని చూసి కూడా ఎవరూ కళ్లు తుడుచుకోలేదు.