నిండు ట్యాంకీ

సంజామలలో శనగల లోడు కోసం నిలబడి ఉంటే, ఎదురొచ్చిన లారీ డ్రైవరు తల బయటికి పెట్టి, "మీ బావ పాయెనంటన్నా, బేగా పో" అన్నాడు. లోడు వదిలేసి ఆళ్లగడ్డ దారి పట్టాను. దారిపొడుగునా ఏడుపు రాలేదు. ఆయన పడిన సిగ్గే గుర్తుకొస్తూ ఉండింది.

మా అక్క మొగుడాయన. ఏళ్ల తరబడి ఒకరి బండి నడిపి, డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక పాత లారీ కొన్నాడు. మా వాళ్లలో లారీ కొన్న మొదటి మనిషి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ బానెట్ మీద చెయ్యి తీయలేదు. నేను రెండో డ్రైవరుని. "ఎన్నాళ్లు నడుపుతాడో సూద్దాంలే" అని ఊళ్లో కొందరు మీసాల చాటున నవ్వారు. ఆ నవ్వు బావ చెవిన పడింది, అంతే, ఇక చెవిలోంచి పోలేదు.

కొన్న కొత్తలోనే ఇంజన్ మిస్ కొట్టడం మొదలుపెట్టింది. బాగా పోతూ పోతూ, దగ్గు పట్టిన ముసలాయన మాదిరి ఊగిపోయేది. ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. పత్తి సీజను దగ్గరపడుతోంది. దారిలో ఆగే బండికి లోడెవడిస్తాడు? లోడు లేకపోతే లారీ అమ్ముకుని మళ్లీ పరాయివాళ్ల తాళంచెవి కోసం నిలబడాలి. అక్క ఆ మాట ఎత్తితే బావ అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

నంద్యాలలో మేస్త్రి ఒక సాయిబుల పెద్దాయన. ఆయన షెడ్డుకు పోవడమంటే బావకు పెళ్లికి పోయినట్టే. ఇస్త్రీ చొక్కా వేసేవాడు, అద్దాలు తుడిచేవాడు, ఊరి మొదట్లో బంకు దగ్గర ఆగి ట్యాంకీ నిండా డీజిలు పోయించేవాడు. అంత సింగారించి పోతే, అక్కడ బండి బంగారంలా నడిచేది! నాజిళ్లు మార్చారు, పంపు విప్పారు. చివరికి మేస్త్రికి విసుగొచ్చింది.

"రోగం యాడుందప్పా? ఈడికొస్తే గుర్రం మాదిరి నడుస్తాండాది. చూపియ్యకుంటే నేనేం జెయ్యాల?"

"దారిలో కొడతాంది భాయ్, ఒట్టు" అనేవాడు బావ, అబద్ధమాడి దొరికిపోయినవాడిలా.

ఆ ఏడు చర్చి కోతపండుగకు మా సంఘమంతా మా లారీలోనే నంద్యాల పోయింది. రమ్మని ఇంటింటికీ తిరిగి పిలిచింది బావే. తిరిగొస్తూ శిరివెళ్ల దాటామో లేదో, ఊగింది, దగ్గింది, ఆగిపోయింది. పాస్టరుగారు, కొత్త చీరల్లో ఆడవాళ్లు, అందరూ దిగి తోశారు. ఒక ముసలమ్మ తొందరలో చెప్పులు లారీలోనే వదిలేసి, కాలే తారు మీద వట్టి కాళ్లతో తోసింది. బావ వాళ్ల మధ్య తలెత్తకుండా తోస్తున్నాడు. స్టీరింగు పట్టుకున్న నాకు వెనక్కి తిరిగి చూడాలంటే ముఖం చెల్లలేదు.

జనాన్ని బస్సెక్కించి, ఇంకో లారీకి మోకు కట్టి మా బండిని నంద్యాలకు ఈడ్పించాం. ఈసారి బంకు దగ్గర ఆగే వీలు లేదు.

మేస్త్రి డీజిలు పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేస్తే మిస్ కొట్టింది. మొట్టమొదటిసారి ఆయన ముందు కొట్టింది! నాజిల్ పైపు నట్టు వదులు చేస్తే డీజిలుతో పాటు నురగ వచ్చింది. ట్యాంకీ పైపు ఊడదీసి, విడిగా డబ్బాలో డీజిలు పోసి అందిస్తే ఇంజన్ చక్కగా నడిచింది. అప్పుడు ట్యాంకీలోపల డీజిలు పీల్చే పైపు బయటికి లాగాడు. నడిమికి వెంట్రుకవాసి పగులు.

"చూడప్పా. ట్యాంకీ నిండుగుంటే ఈ పగులు డీజిల్లో మునిగుంటాది. సగానికి దిగితే గాలి పీలుస్తాది. నువ్వు ఎప్పుడొచ్చినా నింపుకోనే వస్తాంటివి గదా, ఏంటికి?"

బావ నేల చూశాడు. "ఖాళీ ట్యాంకీతో వస్తే... డీజిలుకు గతిలేనోడు లారీ కొన్న్యాడంటారని."

మేస్త్రి నవ్వలేదు. పైపు తుడిచి, పగులు అతికేందుకు లోపలికి తీసుకుపోయాడు.

ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే వేళ బావ లేచి నిలబడ్డాడు. "రోగం బండికి కాదు, నాకుండాది. నలుగురూ నగుతారని రోగం దాచిపెట్టుకోని వైద్యానికి పోతాంటి. మీ అందరితో తోయించినాను" అన్నాడు. వెనకనుంచి ఆ ముసలమ్మ, "ఈసారి తోయాలంటే ముందే చెప్పు నాయనా, చెప్పులేసుకోనొస్తా" అంది. మందిరమంతా నవ్వింది. ఆ నవ్వుకు బావ కూడా నవ్వాడు.

ఏళ్లు గడిచాక, పోయిన ఎండాకాలం ఆయనను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసి, నిటారుగా కూర్చున్నాడు. డాక్టరు అడిగితే "బాగుండా సార్, రవంత ఆయాసం, అంతే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బావా, ట్యాంకీ నింపుకోనొచ్చినావు" అన్నాను.

నావైపు చూశాడు. మెల్లగా గుండీలు విప్పి, ఎక్కడ నొప్పో చూపించాడు. పడుకోలేక గోడకానుకుని కూర్చుంటున్న సంగతి అప్పుడు బయటపడింది. చూపించడం ఆలస్యమైందన్నారు. మిగిలిన ఆ కొద్ది నెలలూ నొప్పొస్తే దాచుకోకుండా మూలిగాడు. అదే నయమనిపించిందని అక్క అంటుంది.

సమాధుల దొడ్డికి ఆయనను ఆ లారీలోనే తీసుకుపోయాం. ట్యాంకీలో కర్ర ముంచి చూస్తే డీజిలు సగానికి తక్కువే ఉంది. నింపలేదు. ఇంజన్ ఎక్కడా మిస్ కొట్టలేదు. సంఘమంతా వెనక నడుస్తోంది. అద్దంలో చూస్తే ఆ ముసలమ్మ, ఇంకా ముసలిదైపోయి, లారీ వెనక తలుపు మీద అరచేయి ఆనించి తోస్తున్నట్టే నడుస్తోంది. కాళ్లకు చెప్పులు లేవు.